ఆగిన నిమిషం ఎవరి ఖాతాలోకి?

జపాన్‌లోని ఐచి ప్రిఫెక్చర్‌లో టయోటా అనే పేరుతోనే ఒక నగరం ఉంది. 1959 దాకా దాన్ని కొరోమొ అనేవారు. తర్వాత కంపెనీ పేరునే ఊరికి పెట్టుకున్నారు. నేను ఉద్యోగరీత్యా నగోయాలో ఉంటున్నాను. సిరిసిల్ల నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చిన మా బాపును ఒకరోజు ఆ నగరంలోని మొతొమాచి కార్ల ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకెళ్లాను. కంపెనీ ప్రధాన కార్యాలయం పక్కనున్న ప్రదర్శనశాల దగ్గర బస్సెక్కిస్తారు. ఫోన్లూ కెమెరాలూ బయటికి తీయవద్దని ముందే చెబుతారు. ఆ తర్వాత అసెంబ్లీ షాపులో మనిషెత్తుకు పైన వేసిన నడవా మీద సందర్శకులను వరుసగా నడిపిస్తూ కింద జరిగే పనిని చూపిస్తారు. ఆ రోజు మాతో పాటు ఒక బడి పిల్లలు కూడా వచ్చారు. జపాన్‌లో అయిదో తరగతి సాంఘిక శాస్త్రంలో మోటారు వాహనాల పరిశ్రమ ఒక పాఠం. ఆ పిల్లలు అట్టలకు కాగితాలు బిగించుకొని, రోబోలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి శ్రద్ధగా రాసుకుంటున్నారు.

మా బాపు రోబోలను పెద్దగా పట్టించుకోలేదు. ఆయన ముప్పయ్యేళ్లు సాంచాలు నడిపిన మనిషి; మరమగ్గాన్ని మా సిరిసిల్లలో సాంచ అంటారు. ఆయన చూపంతా లైను పొడవునా పనివాళ్ల తలల పైన వేలాడుతున్న తాడు మీదే ఉంది. మేం చూస్తుండగానే కింద ఒక పనివాడు ఆ తాడు లాగాడు. పిల్లల ఆటబొమ్మలో మోగేలాంటి పాట ఒకటి మొదలైంది. పైనున్న బోర్డు మీద ఒక అంకె పసుపు రంగులో వెలిగింది. ఇంకొకతను గబగబా నడిచి వచ్చాడు, ఇద్దరూ కారు అడుగు వైపు వంగి ఏదో చూశారు, వచ్చినతను ఒక బోల్టు విప్పి మళ్లీ బిగించి తాడును రెండోసారి లాగాడు, పాట ఆగిపోయింది. ఇదంతా జరిగినంతసేపూ కారు మాత్రం ముందుకు సాగుతూనే ఉంది. బాపు నా మోచెయ్యి పట్టుకొని, "గాయిన లైను ఆపవోయిండు గదా, ఆపితే గా నిమిషానికి కూలి కోస్తరా? అడుగు బిడ్డా" అన్నాడు.

నేను జపనీసులోకి మార్చి అడిగితే, గైడుగా వచ్చిన అమ్మాయి ఒక్క క్షణం ఆలోచనలో పడింది. గంటకు ఎన్ని కార్లు వస్తాయి, ఒక కారుకు ఎన్ని రంగులుంటాయి అనే ప్రశ్నలకు ఆమె దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి గానీ, ఇది అలాంటిది కాదు. ఇక్కడివాళ్లు నెలజీతగాళ్లనీ, తాడు లాగినందుకు కోత ఉండదనీ చెప్పింది. ఆమె చెప్పింది నిజమే, కానీ సగమే. మిగతా సగం తెలియాలంటే ఆ తాడు పుట్టుక దగ్గరి నుంచి మొదలుపెట్టాలి, ఆ పుట్టుక మాకు కొత్తదేమీ కాని మగ్గంలో ఉంది.

టయోటా కంపెనీకి మూలపురుషుడైన సాకిచి టొయొడా (1867–1930) ఒక వడ్రంగి కొడుకు. ఇంట్లో తల్లి నేసే చేతిమగ్గాన్ని చూస్తూ పెరిగి, 1891లో తన చెక్కమగ్గానికి మొదటి పేటెంటు తెచ్చుకున్నాడు. 1924లో పూర్తయిన జి-రకం మగ్గంతో ఆయనకు ప్రపంచవ్యాప్తంగా పేరొచ్చింది. నగోయా రైల్వే స్టేషనుకు దగ్గర్లో, 1911లో ఆయన మగ్గాల కార్ఖానా పెట్టిన చోటే, ఎర్ర ఇటుకల పాత భవనంలో టయోటా సంస్థలు 1994లో ఒక మ్యూజియం తెరిచాయి. అందులో ఒక భాగం నూలు, బట్టల యంత్రాలు, ఇంకో భాగం కార్లు. ఫ్యాక్టరీకి వెళ్లడానికి ముందు వారం మేం అక్కడికే వెళ్లాం. అక్కడ పనిచేసే ఒకామె మగ్గాన్ని నడిపించి, అది నడుస్తుండగానే ఒక పడుగు పోగును, అంటే నిలువు పోగును, తెంపింది. మగ్గం టక్కున ఆగింది.

ఆ ఆగడం వెనుక మంత్రమేమీ లేదు. ప్రతి పడుగు పోగుకూ ఒక పలుచని లోహపు రేకు తగిలించి ఉంటుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు దాని మీద వేలాడుతుంది. పోగు తెగితే రేకు జారి, కింద అటూ ఇటూ ఊగుతున్న కడ్డీకి అడ్డం పడుతుంది. కడ్డీ ఊగలేకపోతే మగ్గం ఆగిపోతుంది. కరెంటు సెన్సార్లు లేని రోజుల్లో ఆ రేకు బరువే కాపలాదారు. అడ్డంగా నేసే పేక నూలు కండెలో అయిపోయే వేళకు మగ్గమే, ఆ కండెను మోసే పాత నాడెను తోసేసి కొత్త నాడెను అందుకుంటుంది, దానికోసం ఆగను కూడా ఆగదు. బాపు ఆ రేకుల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆయన నడిపిన సాంచాలకు ఈ ఏర్పాటు లేదు. ఎనిమిదింటి మధ్య తిరుగుతూ తెగిన పోగును కళ్లతోనే కనిపెట్టాలి. ఒకదాని ముందు ముడి వేస్తూ ఆలస్యమైతే ఇంకోదాని మీద అప్పటికే బట్ట నిండా గీత పడి ఉంటుంది.

యంత్రం తన తప్పు తాను పట్టుకొని ఆగితే, దాన్ని కనిపెట్టుకొని ఉండే పని మనిషికి తప్పుతుంది. అప్పుడు ఒక్కరే పదుల మగ్గాలను చూడగలరు. టయోటా వాళ్లు దీన్ని జిదోకా అంటారు. జపనీసులో యాంత్రికీకరణకు వాడే మామూలు మాట కూడా అలాగే పలుకుతుంది గానీ, వీళ్లు రాసేటప్పుడు మధ్య అక్షరానికి మనిషిని సూచించే రెండు గీతలు అదనంగా చేరుస్తారు. దాంతో కదలిక అనే అక్షరం పని అనే అక్షరంగా మారుతుంది. వినడానికి ఏ తేడా ఉండదు, రాతలో మాత్రం యంత్రం పక్కన మనిషి వచ్చి నిలబడతాడు.

జి-రకం మగ్గం పేటెంటు హక్కులను 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ లక్ష పౌన్లకు కొనడానికి ఒప్పుకుంది. ఆ సొమ్ముతోనే కార్ల పని మొదలైందని తరచూ చెబుతారు. కథగా బాగుంటుంది గానీ, అసలు లెక్కలు అంత సూటిగా లేవు. సాకిచి కొడుకు కియిచిరో 1933లో మగ్గాల కంపెనీలోనే మోటారు విభాగం పెట్టించాడు, 1937లో అది వేరే కంపెనీ అయింది. మన విషయానికి అంతకంటే ముఖ్యమైన మనిషి తాయిచి ఓనో. ఆయన 1932లో టొయొడా నూలు మిల్లులో చేరి, 1943లో కార్ల కంపెనీకి మారాడు. మిల్లులో ఒక్కో అమ్మాయి పదుల కొద్దీ యంత్రాలను చూసుకోవడం ఎరిగిన మనిషికి, కార్ల షాపులో ఒక్కో లేత్ ముందు ఒక్కో పనివాడు యంత్రం తిరుగుతుంటే ఊరికే నిలబడి చూడటం వింతగా తోచింది. యుద్ధం ముగిశాక తన షాపులో ఒక్కొక్కరికి రెండు యంత్రాలు, తర్వాత మూడు నాలుగు అప్పగించాడు. పనివాళ్లు ఎదురుతిరిగారు. వాళ్ల కోపం అర్థం చేసుకోవడానికి మాకు పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు. నాలుగు సాంచాలు చూసే చోట ఎనిమిది చూడమన్నప్పుడు సిరిసిల్లలో రేగిన గొడవలు బాపు కళ్లారా చూసినవే.

తాడు దగ్గరికి వచ్చే ముందు నిమిషం గురించి చెప్పాలి, ఎందుకంటే కార్ల ఫ్యాక్టరీ మొత్తం ఆ కొలత మీదే నడుస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు షిఫ్టులు కలిపి రోజుకు 920 నిమిషాల పని ఉందనీ, 920 కార్లు కావాలనీ అనుకుంటే, లైను చివర నిమిషానికో కారు దిగాలి. గిరాకీ తగ్గి 690 చాలనుకుంటే 80 సెకన్లకో కారు చాలు. ఈ వ్యవధిని టాక్ట్ అంటారు. అది జర్మన్ మాట, సంగీతంలో లయకు వాడతారు. మన తాళంలో ఒక ఆవర్తం అనుకుంటే సరిగ్గా సరిపోతుంది. లైను మీద ప్రతి మనిషి పనీ ఒక ఆవర్తంలో ఇమడాలి. ఇక్కడే పైనుంచి చూసేవాళ్లకు అందని సంగతి ఒకటి ఉంది. ఆవర్తం 60 నుంచి 80 సెకన్లకు పెరిగితే పనివాడికి 20 సెకన్ల తీరిక దొరకదు. పనులన్నీ విడగొట్టి మళ్లీ పంచుతారు, ఒక్కొక్కరికీ 80 సెకన్ల నిండా పని చూపిస్తారు, మొత్తం మీద మనుషులు తక్కువ పడతారు. మిగిలినవాళ్లను వేరే లైనుకో వేరే ఫ్యాక్టరీకో పంపుతారు. అంటే లయను నిర్ణయించేది పనివాడూ కాదు, యంత్రమూ కాదు, షోరూములో నమోదైన ఆర్డరు.

ప్రెస్ షాపు, వెల్డింగ్, రంగులు అనే మూడు దశల్లో మనుషులు తక్కువ, రోబోలు ఎక్కువ కనుక పిల్లల లెక్కలన్నీ వెల్డింగ్ దగ్గరే నిండిపోయాయి. మనుషులు కనిపించేది అసెంబ్లీలో. ఒక కారుకు చిన్నాపెద్దా దాదాపు 30,000 విడిభాగాలు ఉంటాయని చెబుతారు, వాటిని బిగించే పనిలో చేతికి ప్రత్యామ్నాయం ఇంకా పూర్తిగా దొరకలేదు. రంగు వేసిన వెంటనే కారు తలుపులు ఊడదీసి వేరే దారిన పంపించేస్తారు, లోపలి పనంతా అయ్యాక అదే కారుకు అవే తలుపులు వచ్చి కలుస్తాయి. తలుపులు లేకపోవడం వల్ల పనివాడికి లోపలికి దూరడం సులువు, రంగు గీసుకుపోయే భయమూ ఉండదు. ఒకచోట ఊగే చేతికి బిగించిన కుర్చీలో ఒకతను కూర్చొని, కారు పక్కనుంచి లోపలికి జారి, ఏదో బిగించి, బయటికి జారి వస్తున్నాడు. నడుము వంచకుండా పని చేయించే ఏర్పాటది. ప్రతి కారు వెంట ఒక పెట్టె ప్రయాణిస్తుంది, అందులో ఆ కారుకు కావలసిన భాగాలు మాత్రమే ముందే ఏరి పెట్టి ఉంటాయి. పనివాడు అరల్లో వెతుక్కోడు, ఏది తీయాలో ఆలోచించడు. తప్పు భాగం చేతికి వచ్చే అవకాశాన్నే తొలగించారు.

ఇక తాడు. టయోటా గురించి చెప్పేవాళ్లు తరచూ, మామూలు పనివాడు సైతం మొత్తం ఫ్యాక్టరీని ఆపగలడంటారు. ఆ మాట పూర్తిగా సరైనది కాదు. లైను వెంట నేల మీద గీతలు గీసి ఒక్కొక్కరి హద్దు చూపించి ఉంటుంది. తాడు లాగిన వెంటనే వెలిగేది పసుపు దీపం, అంటే సాయం కావాలనే పిలుపు. ఆ బోర్డును ఆండాన్ అంటారు. పాతకాలపు జపాన్‌లో కాగితపు లాంతరుకు ఉన్న పేరు అది. కొద్దిమంది పనివాళ్లకు ఒకరు చొప్పున ఉండే టీమ్ లీడరు ఆ అంకె చూసి, పాట విని పరిగెత్తి వస్తాడు. కారు ఆ హద్దు గీత చేరేలోగా లోపం సర్దుకుంటే తాడు మళ్లీ లాగి పిలుపును రద్దు చేస్తాడు. సర్దుకోకపోతే గీత దగ్గరికి రాగానే లైను ఆగి ఎర్ర దీపం వెలుగుతుంది. మేం చూసింది మొదటి రకం.

లాగిన క్షణమే ఎందుకు ఆపరన్న ప్రశ్నకు జవాబు మిగతా పనివాళ్లలో ఉంది. లైను ఉన్నట్టుండి ఆగితే అటూ ఇటూ ఉన్న ప్రతి ఒక్కరి పనీ సగంలో తెగుతుంది. ఒకరు అయిదు బోల్టుల్లో మూడు బిగించి ఉంటారు, లైను కదిలాక ఎక్కడ ఆపామో మరిచిపోయే ప్రమాదం ఉంటుంది. ఒక లోపాన్ని పట్టుకోబోయి పది కొత్త లోపాలు పుట్టించినట్టవుతుంది. గీత దగ్గర ఆగితే అందరి ఆవర్తమూ ముగిసి ఉంటుంది, మళ్లీ మొదలుపెడితే అందరూ మొదటి దెబ్బ నుంచి అందుకుంటారు. పైగా లైనంతా ఒకే పొడుగు ముక్క కాదు. దాన్ని భాగాలుగా విడగొట్టి, మధ్యలో కొద్ది కార్ల వరుస నిల్వ ఉంచుతారు కాబట్టి ఒక భాగం కాసేపు ఆగినా పక్క భాగానికి వెంటనే తెలియదు. మగ్గం రేకు సూటిగా పడి ఆపేస్తుంది. ఇక్కడ అదే ఆలోచనకు కొంత లౌక్యం నేర్పారు.

తప్పును అక్కడికక్కడే పట్టుకోవడంలో లాభం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. నేల చాప కిందికి పోయే వైరు క్లిప్పు సరిగా కూర్చోకపోతే, ఆ నిమిషంలో సరిచేయడానికి రెండు వేళ్లు చాలు. చాప పరిచి, సీట్లు బిగించి, కారు లైను దిగాక అదే తప్పు బయటపడితే సగం కారు విప్పాలి. ఇంత మామూలు తర్కం అందరికీ తెలుసు. తెలిసినా ప్రపంచంలో చాలా ఫ్యాక్టరీలు దశాబ్దాల పాటు తప్పును ముందుకే పంపాయి. ఎందుకంటే పనివాడు తాడు లాగాలా వద్దా అని నిర్ణయించుకునేది తర్కంతో కాదు, ఆగిన నిమిషం ఎవరి నెత్తిన పడుతుందనే లెక్కతో.

సిరిసిల్లలో కూలి మీటర్ల మీద. ఎన్ని మీటర్లు దిగితే అంత డబ్బు. సాంచ ఆగితే మొదట నష్టపోయేది దాని ముందు నిలబడ్డవాడే. అందుకే అక్కడి నేతగాడు చిన్న లోపానికి సాంచ ఆపడు, నడుస్తుండగానే ఏదో సర్దుబాటు చేస్తాడు, అది పనితనంలో భాగమని గర్వంగా చెప్పుకుంటాడు కూడా. బాపు ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది. టయోటాలో సైతం ఈ లెక్క ఎప్పుడూ సున్నా కాదు. అక్కడ చాలా దశాబ్దాల పాటు జీతంలో గణనీయమైన భాగం బృందం ఉత్పాదకతను బట్టి నిర్ణయమయ్యేది, 1990లలో ఆ భాగాన్ని తగ్గించారు. అయినా లోపం చూసి తాడు లాగినవాడి మీద ఆ నిమిషపు భారం నేరుగా పడకుండా చూసుకున్నారు. ఉద్యోగ భద్రత కూడా అందులో భాగమే. 1950లో కంపెనీ దివాలా అంచుకు వెళ్లినప్పుడు సమ్మె జరిగింది, దాదాపు రెండు వేల మంది కొలువులు వదిలారు, కియిచిరో రాజీనామా చేశాడు. ఆ తర్వాత పర్మనెంటు ఉద్యోగులను తీసేయడం అనే మాట ఆ కంపెనీలో మళ్లీ తేలిగ్గా వినిపించలేదు.

ఈ సంగతి అమెరికాలో ఇంకా స్పష్టంగా తేలింది. ఇప్పుడు చాలా తెలుగు కుటుంబాలు కాపురముంటున్న కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. నాసిరకం కార్లకూ, పనివాళ్లతో తగాదాలకూ పేరుపడి 1982లో మూతపడింది. 1984లో టయోటాతో కలిసి నుమ్మి అనే ఉమ్మడి సంస్థగా దాన్ని మళ్లీ తెరిచినప్పుడు ఎక్కువమందిని పాత పనివాళ్లలోంచే తీసుకున్నారు. కొందరిని జపాన్‌లోని తకఓకా ఫ్యాక్టరీకి శిక్షణకు పంపారు. లైను ఆగితే మిన్ను విరిగి మీద పడుతుందని నమ్మిన మనుషులకు, తాడు లాగితే లీడరు వచ్చి ఏం సాయం కావాలని అడగడం మొదట్లో మింగుడుపడలేదు. కొద్దికాలంలోనే అదే ఫ్యాక్టరీ మంచి కార్లు ఇచ్చింది. జనరల్ మోటార్స్ తన ఇతర ఫ్యాక్టరీల్లోనూ తాళ్లు కట్టించి చూసింది. దిగిన కార్ల సంఖ్యను బట్టి మేనేజర్లను బేరీజు వేసే చోట ఆ తాళ్లు అలంకారంగా వేలాడాయి. నుమ్మి 2010లో ముగిసింది, ఇప్పుడు ఆ ఆవరణలో టెస్లా కార్లు తయారవుతున్నాయి. మన పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తీస్తున్న కియా దాకా, నేటి పెద్ద కార్ల ఫ్యాక్టరీలన్నీ ఏదో ఒక రూపంలో ఈ లయనూ, ఈ దీపాలనూ వాడుకుంటున్నవే. తాడు కొనుక్కోవచ్చు, దాని వెనుక ఉన్న ఖాతా పుస్తకం మాత్రం ఎవరికి వాళ్లు రాసుకోవాల్సిందే.

ఆ ఖాతా పుస్తకంలో రెండో పేజీ విడిభాగాలది. ఓనో అమెరికా సూపర్ మార్కెట్ల తీరును ఆదర్శంగా తీసుకున్నాడని అందరూ చెబుతారు. అరలోంచి కొనుగోలుదారు తీసుకుపోయినంతే మళ్లీ నింపుతారు. అలాగే ముందు పనివాడు వాడుకున్నంతే వెనుక పనివాడు తయారు చేయాలి. ఆ కబురు మోసే చీటీ పేరు కాన్‌బాన్, అంటే పలక. ప్లాస్టిక్ తొడుగులో అరచేతి వెడల్పు కాగితం. దాని మీద భాగం నంబరు, పెట్టెకు ఎన్ని, ఎక్కడి నుంచి ఎక్కడికి. పెట్టె ఖాళీ అయితే చీటీ వెనక్కి పోతుంది, చీటీ వస్తేనే తయారీ. మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో కంప్యూటరు తెర మీద పనుల చీటీలు అటూ ఇటూ జరుపుతూ దాన్నే కాన్‌బాన్ అంటుంటాం, అసలు చీటీని చేత్తో పట్టుకున్నవాళ్లు మాలో తక్కువ. ఇంకో చుట్టరికం కూడా ఉంది. మన ఊళ్లో చాయ్ బండి మీద అతికించి ఉండే క్యూఆర్ కోడ్ 1994లో ఇదే ఐచిలో, టయోటాకు భాగాలు సరఫరా చేసే డెన్సో సంస్థలో, పెట్టెల మీది సమాచారాన్ని తొందరగా చదవడానికి పుట్టింది.

నిల్వ లేకుండా నడిపితే గోదాము ఖర్చు తగ్గుతుంది, తప్పుడు భాగాలు వేల సంఖ్యలో పోగుపడవు. మరి ఏదైనా ఆగితే ఏమిటి? 1997 ఫిబ్రవరి 1న కరియాలోని ఐసిన్ సంస్థ ఫ్యాక్టరీ కాలిపోయింది. బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు పూర్తిగా అక్కడే తయారయ్యేది. అది సిగరెట్ పెట్టె కంటే పెద్దది కాదు. టయోటా దగ్గర ఉన్న నిల్వ కొన్ని గంటలది. జపాన్‌లోని దాని ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఆ తర్వాత జరిగింది ఆసక్తికరం. ఐసిన్ తన డ్రాయింగులను అందరికీ పంచింది, చుట్టుపక్కల సంస్థలు తమ యంత్రాలను మార్చుకొని వాల్వులు చేయడం మొదలుపెట్టాయి. కార్ల భాగాలు ఎప్పుడూ చేయని, కుట్టు మిషన్లకు పేరుపొందిన బ్రదర్ సంస్థ కూడా అందులో ఉంది. వారం రోజుల్లో లైన్లు చాలావరకు కదిలాయి. ఆ వారాన్ని చూసి కొందరు నిల్వ లేకపోవడం మూర్ఖత్వమన్నారు, ఇంకొందరు ఇంత పొరుగు సాయం ఉంటే నిల్వ ఎందుకన్నారు. నాకైతే ఇద్దరూ ఒకే సంగతిని చెరోవైపు నుంచి చెప్పినట్టు అనిపిస్తుంది. నిల్వ మాయం కాలేదు, పొరుగువాళ్ల యంత్రాల్లోనూ రాత్రి నిద్రల్లోనూ దాగి ఉంది.

2011 భూకంపం తర్వాత టయోటా కొంత పట్టు సడలించి, సెమీకండక్టర్లను నెలలకు సరిపడా ఉంచాలని సరఫరాదారులను కోరింది. 2021లో చిప్‌ల కొరత మొదలైనప్పుడు అది కొంతకాలం అక్కరకొచ్చింది. అయినా ఒక సరఫరా సంస్థ మీద సైబర్ దాడి జరిగితే 2022 మార్చి 1న జపాన్‌లోని 14 ఫ్యాక్టరీలూ ఒకరోజు ఆగాయి. దాదాపు 13,000 కార్ల పని పోయింది. 2023 ఆగస్టు 29న అవే 14 ఫ్యాక్టరీలు మళ్లీ ఆగాయి. ఈసారి దాడి కాదు, భాగాల ఆర్డర్లు చూసే సర్వర్లలో డిస్కు నిండిపోయింది. మా వృత్తిలో డిస్కు నిండడం రోజూ వినే మాటే కనుక ఆ వార్త చదివి నేను నవ్వాను, తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డాను. మనిషి తాడు లాగితే గీత దాకా ఆగే తీరిక ఉంటుంది. డిస్కుకు గీత లేదు.

ఇప్పుడు గైడు చెప్పని సగం. ఆగిన నిమిషానికి కూలి కోయరు, కానీ ఆ రోజు అనుకున్న కార్లు ఆ రోజు దిగాలి. అందుకే పగటి షిఫ్టుకూ సాయంత్రం షిఫ్టుకూ మధ్య కొంత ఖాళీ ఉంచుతారు. వెనకబడిన కార్లు ఆ ఖాళీలో, ఓవర్‌టైమ్‌లో దిగుతాయి. దానికి డబ్బిస్తారు, బాగానే ఇస్తారు. అయితే ఇంటికి ఏ వేళకు చేరతావన్నది ఆ రోజు ఎన్ని పసుపు దీపాలు ఎర్రబడ్డాయన్న దాన్ని బట్టి ఉంటుంది. తిరుగు బస్సులో ఇది చెబితే బాపు, "అంటే కూలి కొయ్యరు, పొద్దు కోస్తరన్నట్టు" అన్నాడు.

నెల తర్వాతి గిరాకీ సంగతి ఓవర్‌టైమ్‌తో తీరదు. దానికి వేరే మనుషులున్నారు. జపనీసులో కికాన్‌కో అంటారు, గడువు కూలీలు అనవచ్చు. కొన్ని నెలల ఒప్పందంతో చేరి, పొడిగిస్తూ పోతే గరిష్ఠంగా రెండేళ్ల పదకొండు నెలలు. ఆ తర్వాత కొందరు పర్మనెంటు అవుతారు, మిగతావాళ్లు వెళ్లిపోతారు. నడవా పైనుంచి చూస్తే ఎవరు పర్మనెంటో ఎవరు గడువు కూలీయో సందర్శకుడికి తెలిసే వీల్లేదు. అందరి ఆవర్తమూ ఒకటే. 60 సెకన్లు 80 అయినప్పుడు మొదట తగ్గే మనుషులు మాత్రం వీళ్లలోంచే. విడిభాగాలను అరల్లో నిల్వ ఉంచని ఫ్యాక్టరీ, ఆ వెసులుబాటును మనుషుల రూపంలో గేటు బయట ఉంచుకుంది. పర్మనెంటు ఉద్యోగి నిర్భయంగా తాడు లాగగలగడానికీ, గడువు కూలీ ఒప్పందం ఆగిపోవడానికీ మధ్య సంబంధం లేదని నేను అనుకోవడం లేదు.

సరఫరా సంస్థల్లో ఈ సంగతి ఇంకా బాహాటంగా కనిపిస్తుంది. 1990లో అమల్లోకి వచ్చిన వలస చట్ట సవరణతో జపాన్, ఒకప్పుడు బ్రెజిల్‌కు వలసపోయిన జపనీయుల పిల్లలకూ మనవలకూ వచ్చి పనిచేసుకునే వీలు కల్పించింది. వాళ్లు వేలాదిగా ఐచికి వచ్చి విడిభాగాల ఫ్యాక్టరీల్లో, చాలావరకు మధ్యవర్తి ఏజెన్సీల కింద చేరారు. టయోటా నగరం అంచున హోమి దాన్‌చి అనే పెద్ద ప్రభుత్వ గృహ సముదాయంలో ఇప్పటికీ వాళ్ల జనాభా ఎక్కువ. 2008 ఆర్థిక సంక్షోభంలో కార్ల గిరాకీ పడిపోయినప్పుడు మొదట పనులు పోయింది వీళ్లకే. 2009లో ప్రభుత్వం, స్వదేశం వెళ్లిపోయేవాళ్లకు ఒక్కో పనివాడికి మూడు లక్షల యెన్‌లు ఇస్తానంది, అదే వీసా మీద ఇప్పట్లో తిరిగి రాకూడదనే షరతుతో.

మా కంపెనీ సహోద్యోగి ఒకరు ఆ సముదాయంలో ఉంటారు. బాపు వెళ్లిపోయే ముందు ఆదివారం ఆయన భోజనానికి పిలిస్తే వెళ్లాం. చెత్త ఏ రోజు ఏది వేయాలో చెప్పే పలక మీద జపనీసు కింద పోర్చుగీసు రాసి ఉంది. సముదాయంలోని దుకాణంలో బ్రెజిల్ కాఫీ, బ్రెజిల్ బీన్సు సంచులు పేర్చి ఉన్నాయి. బాపు పెళ్లికి ముందు ఆరేళ్లు భీవండిలో సాంచాల మీద పని చేశాడు. అక్కడి పద్మానగర్‌లో మనవాళ్ల దుకాణాల మీద తెలుగు బోర్డులుంటాయి. ఆయన ఆ పలక ముందు నిలబడి, అక్షరం ముక్క తెలియకపోయినా పై నుంచి కిందికి చూసి, ఏం రాసిందో చెప్పమన్నాడు. చెప్పాను. "వీళ్ల సేట్లు వీళ్లని పొమ్మన్న యేడు ఎంతమంది పోయిండ్రు?" అని సహోద్యోగిని అడగమన్నాడు. ఆయన తన అంతస్తులో ఖాళీ అయిన ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.